రోడ్స్ పాత పట్నం: ముందు ఆసుపత్రి చూడండి

గ్రీసులోని రోడ్స్ దీవికి వెళ్ళినవాళ్ళు పాత పట్నంలో అడుగుపెట్టగానే రాజభవనం వైపు నడుస్తారు. మన విశాఖ నుంచి ఎవరైనా వెళ్తుంటే మాత్రం ముందు ఆసుపత్రి చూడమంటాను. కేజీహెచ్‌లో నర్సుగా చేసి రిటైరయ్యాను, నా కళ్ళు అటే పోతాయి, నిజమే. కానీ ఈ ఊరి కథంతా ఆ కట్టడంలోనే ఉంది.

1309 నుంచి 1522 దాకా రోడ్స్‌ని ఏలినవాళ్ళు సెయింట్ జాన్ యోధులు. జెరూసలేంలో యాత్రికుల కోసం నడిపిన ఆసుపత్రితో వాళ్ళ సంఘం మొదలైంది. కత్తి పట్టింది ఆ తర్వాతే. రోగులే మాకు ప్రభువులు అనేది వాళ్ళు పెట్టుకున్న నియమం. రోడ్స్‌లో ఈ ఆసుపత్రి పని 1440లో మొదలుపెట్టి 1489కి పూర్తిచేశారు. మధ్యలో 1480లో ఒట్టోమన్ తుర్కుల సైన్యం ఊరిని ముట్టడించినా తట్టుకుని మరీ కట్టారు. ఇప్పుడది పురావస్తు మ్యూజియం.

లోపలికి వెళ్ళగానే పెద్ద రాతి వాకిలి, చుట్టూ రెండంతస్తుల కమానులు, ఓ పాలరాతి సింహం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పక్కనున్న మెట్లు నెమ్మదిగా ఎక్కండి, పైనే అసలు వార్డు ఉంది. సుమారు 50 మీటర్ల పొడవైన హాలు, మధ్యలో స్తంభాల వరస, గోడల్లో కిటికీల్లేని చిన్న చిన్న గదులు. ఒక పక్క గోడలోనే ప్రార్థనా మందిరం పెట్టారు, రోగి మంచం దిగకుండానే ప్రార్థన వినొచ్చు. స్తంభాలకి ఓ పక్కగా నిలబడి చూశాను, హాలు ఈ చివర నుంచి ఆ చివరి దాకా కనపడుతోంది. నైట్ డ్యూటీ చేసినవాళ్ళకి ఇది ఎంత ముఖ్యమో తెలుసు. చివరి మంచం మీద మనిషి కదిలినా తెలియాలి. ఆ వార్డులో ఇప్పుడు మంచాలు లేవు, యోధుల సమాధి పలకలున్నాయి.

అదే మ్యూజియంలో క్రితో, తిమరిస్తా అనే ఇద్దరి పేర్లున్న సమాధి రాయి ఉంది. క్రీస్తు పూర్వం 5వ శతాబ్దం చివరిది. తల్లి చనిపోయింది, కూతురు దుఃఖంతో జుట్టు కత్తిరించుకుంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. తల్లి చెయ్యి కూతురి భుజం మీద ఉంది. అందరూ ఫొటోలు తీసుకునే ప్రేమ దేవత అఫ్రొడైటీ బొమ్మ కూడా బాగుంటుంది గానీ, నన్ను అక్కడ కట్టిపడేసింది మాత్రం ఈ రాయి.

ఇక రాజభవనం, అంటే ఆ యోధుల పెద్ద ఉండిన చోటు. పాతది 1856లో మందుగుండు పేలి నాశనమైంది. ఇప్పుడున్నది ఇటాలియన్లు 1937 నుంచి 1940 వరకు తిరిగి కట్టినది. అందుకని గోడల్ని చూసి మురిసిపోకుండా నేల చూడండి. కోస్ దీవి నుంచి తెచ్చి పరిచిన పాత మొజాయిక్‌లు (చిన్న రాతి ముక్కలు పేర్చి చేసిన బొమ్మలు) ఉన్నాయి, అందులో జుట్టుకి బదులు పాములుండే మెడూసా తల ఉన్నది అస్సలు వదలకండి. ఆసుపత్రికి ఐదుకి ఐదు ఇస్తే భవనానికి మూడున్నర ఇస్తాను. రెంటినీ కలిపే యోధుల వీధిలో ఒక్కో భాష యోధులకి ఒక్కో బస ఉండేది, వాటిలో ఫ్రెంచి వాళ్ళ బస చెక్కడం అన్నిటికంటే అందం.

కొలోసస్ కోసం మండ్రాకి రేవుకి పోతే పది నిమిషాలు చాలు. క్రీస్తు పూర్వం 226లో భూకంపానికి కూలిపోయిన కంచు విగ్రహం అది, దాని ఆనవాలే లేదు. రేవు ముఖంలో రెండు స్తంభాల మీద జింకల బొమ్మలున్నాయి.

యూదుల పేట మాత్రం తప్పకుండా చూడాలి. 1577 నాటి కహాల్ షాలోమ్ ప్రార్థనాలయం గ్రీసులో ఇప్పటికీ వాడుకలో ఉన్నవాటిలో అన్నిటికంటే పాతది. 1944 జూలైలో నాజీలు ఇక్కడి నుంచి 1,600 మందికి పైగా యూదుల్ని ఆష్విట్జ్ మరణ శిబిరానికి తరలించారు, బతికి బయటపడింది 150 మంది దాకానే. మన హార్బర్ దగ్గర మూడు కొండల మీద గుడి, చర్చి, దర్గా పక్కపక్కనే చూస్తూ పెరిగినదాన్ని. ఇక్కడ కూడా సులేమాన్ మసీదు, చర్చిలు, ఈ ప్రార్థనాలయం నడిచి వెళ్ళేంత దగ్గరలోనే ఉన్నాయి. కానీ వాటిలో ఒకదానికి రావాల్సిన జనమే లేకుండా చేశారు. ఆ పేటలో చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

చెప్పుల విషయం మర్చిపోకండి. సందుల్లో నున్నటి సముద్రపు గులకరాళ్ళు నిలువుగా పాతారు, పల్చటి చెప్పులైతే అరికాళ్ళు మండిపోతాయి. మందపాటి అడుగున్న బూట్లు వేసుకోండి, నీళ్ళ సీసా పెట్టుకోండి. కోట చుట్టూ ఉన్న ఎండు కందకంలోకి దిగి నడవడానికి టికెట్ లేదు, దారిపొడవునా రాతి ఫిరంగి గుండ్లు పడి ఉంటాయి. ఎండ తగ్గాక వెళ్ళండి. శాకాహారులకి బియ్యం నింపి వండిన టమాటాలు, గెమిస్తా అని అడగండి, చాలాచోట్ల దొరుకుతాయి, మాంసం కలపలేదు కదా అని మాత్రం ముందే కనుక్కోండి. మ్యూజియం వేళలు వేసవికి, చలికాలానికి మారతాయి కాబట్టి బయల్దేరే ముందు చూసుకుని, పొద్దున్నే మొదట ఆసుపత్రికే వెళ్ళండి. జనం పెరిగాక ఆ వార్డు అంత పొడవునా ఒకేసారి చూడటం కుదరదు.