ఎడమకి లాగే కారు: 1,12,000 కిలోమీటర్ల తర్వాత

ముందే చెప్పేస్తున్నా, మైలేజీ పట్టికలు, డిక్కీలో ఎన్ని సూట్‌కేసులు పడతాయి లాంటివి ఇందులో ఉండవు. ఈ కారు తెలియనివాళ్లు లేరు, మా వీధిలోనే ఐదున్నాయి. కంపెనీ పేరు కూడా రాయను. నాకు దీని మీద ఉన్నది ఒకే ఒక్క కోపం, అది స్టీరింగ్ మీద. దాదాపు ఏడాది పాటు బండి ఎడమకి లాగుతుంటే కుడికి పట్టి పట్టి భుజం నొప్పి వచ్చి, మా ఆవిడ చేత రాత్రిళ్లు బామ్ రాయించుకున్నవాణ్ణి నేను.

2017లో కొన్న కొత్తలో ఇదే స్టీరింగ్‌ని నెత్తిన పెట్టుకున్న మాట నిజమే. సాయంత్రం పూట ఒంగోలు కర్నూలు రోడ్డులో ఆటోల మధ్య ఒక్క వేలితో తిప్పేయొచ్చు, వెన్నలా ఉంటుంది అని కనపడిన ప్రతివాడికీ చెప్పాను, నా మాట విని ఇద్దరు కొన్నారు కూడా. టౌన్లో ఇప్పటికీ వెన్నే. కాకపోతే ఆ తేలికే నన్ను ముంచిందని ఇప్పుడనిపిస్తోంది. స్టీరింగ్ బరువంతా దానికున్న కరెంటు మోటారే మోస్తుంది కాబట్టి కింద చక్రం దగ్గర ఏం జరుగుతోందో చేతికి తెలియదు. మా నాన్న పాత జీపులో అయితే బోల్టు ఒకటి వదులైనా అరచేతికి తెలిసేది. ఇందులో జబ్బు ముదిరాక గానీ తెలియలేదు.

నాది రొయ్యల మేత అమ్మే పని. వారంలో ఐదు రోజులు కొత్తపట్నం, ఉలవపాడు, కావలి వైపు చెరువుల గట్ల మీద తిరగాలి. ఉప్పు నీళ్లు, బురద, గుంటలు, ఆ తర్వాత ఒక్కసారిగా హైవే ఎక్కి వంద స్పీడు. అందరూ కారుని ఇలా వాడరు, చదివేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

88,000 దగ్గర ముందు రెండు టైర్లూ మార్పించాను. పది రోజులకి బండి ఎడమకి పోవడం మొదలైంది. కొత్త టైర్లు వేశాకే వచ్చింది కాబట్టి టైర్లదే తప్పు అని నిర్ణయించేసుకుని, ఆ టైర్ల షాపు అతన్ని రెండు నెలలు పీక్కుతిన్నాను. గాలి చూస్తే ఎడమ 29, కుడి 36 ఉంది. సరే, ఇదే అనుకున్నాం ఇద్దరం. రెండూ 33 చేసుకుంటే కాస్త తగ్గినట్టే అనిపించింది, రెండు రోజులకి మళ్లీ మామూలే.

ఇక అలైన్‌మెంట్లు, అంటే చక్రాల కోణాలు కొలిచి సరిచేయడం. ఒకటి కాదు, మూడు షాపుల్లో మూడు. ప్రతిచోటా కాగితం చేతిలో పెడతారు, అంకెలన్నీ ఆకుపచ్చ రంగులో. ‘అంతా ఓకే సార్’ అంటారు. రెండో షాపులో ఇంకాస్త తిప్పి ఇచ్చారు, బండి లాగడం పోలేదు గానీ నేరుగా పోతున్నప్పుడు స్టీరింగ్ మాత్రం ఒక పక్కకి ఒరిగి కూర్చుంది, ఆ సరదా కూడా తీరింది. తర్వాత తెలిసిందేమిటంటే నా కారులో ముందు చక్రాలకి వాళ్లు తిప్పగలిగేది టో ఒక్కటే. చక్రాల ముందు అంచులు లోపలికి చూస్తున్నాయా బయటికి చూస్తున్నాయా అనేది. క్యాంబర్ (చక్రం పై అంచు లోపలికో బయటికో ఒరగడం), క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలడం) కాగితం మీద చూపిస్తారు గానీ మార్చడానికి అక్కడ బోల్టే లేదు. ఇక టో తేడా ఉంటే టైర్లు అరుగుతాయి, బండి నిలకడగా పోదు, అంతేగానీ నేరుగా పోయేటప్పుడు ఆ తేడాని రెండు చక్రాలూ చెరిసగం పంచుకుంటాయి కాబట్టి అది ఒక పక్కకి గట్టిగా లాగడం తక్కువ. ఇది ముందే తెలిస్తే మూడుసార్లు డబ్బులు కట్టేవాణ్ణి కాదు.

మధ్యలో మా బావమరిది ‘అది కారు తప్పు కాదు బావా, రోడ్డు వాలు’ అన్నాడు. అందులో నిజం ఉంది. వాన నీళ్లు పోవడానికి రోడ్డుని ఎడమ అంచు వైపు కొంచెం వాల్చి వేస్తారు, మనం పోయేది ఎడమ పక్కనే కాబట్టి ఏ కారైనా కొద్దిగా అటే జారుతుంది. మరి చదునైన రోడ్డు ఎక్కడ దొరుకుతుంది? కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీదే అత్యవసరంలో విమానాలు దిగడానికి సిమెంటుతో రన్‌వే వేశారు కదా, 2022 డిసెంబరులో వాయుసేన వాళ్లు ట్రయల్ వేసింది, అక్కడికి పోయాం. ఆదివారం తెల్లారుజామున, వెనకా ముందూ ఏ బండీ లేకుండా చూసుకుని, అరవై స్పీడులో చేతులు స్టీరింగ్‌కి ఆనీ ఆననట్టు పెట్టాను. సుఖోయ్ యుద్ధ విమానాలని చూసిన రోడ్డు మీద నా కారు కల్లు తాగినవాడిలా ఎడమ అంచుకి పోయింది. బావమరిది ఇంకేం మాట్లాడలేదు.

తర్వాత టైర్లు అటూ ఇటూ మార్చాం. ఇది మాత్రం మంచి పరీక్ష, పైసా ఖర్చు లేదు. కొన్ని టైర్లలో లోపలి బెల్టు కొంచెం పక్కకి కూర్చుంటుంది, అప్పుడు టైరు స్టీలు గ్లాసులా దొర్లుతుంది. గ్లాసుని నేల మీద దొర్లించి చూడండి, నేరుగా పోదు, మూతి వెడల్పు కాబట్టి అడుగు వైపు తిరుగుతుంది. అలాంటి టైరైతే ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చగానే బండి లాగే వైపు కూడా మారుతుంది. ఒకే దిక్కున తిరగాలని బాణం గుర్తున్న టైర్లయితే ఇలా ఊరికే మార్చకూడదు, నావి అలాంటివి కావు. మార్చాం. బండి మళ్లీ ఎడమకే. టైర్లు నిర్దోషులు. ఆ షాపు అతనికి ఇంతవరకూ సారీ చెప్పలేదు, ఎదురుపడితే ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తున్నా.

ఇన్ని చేశాం గానీ కళ్లెదుట ఉన్నది ఒకటి చూడలేదు. పొద్దున ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడు లాగేది కాదు. సింగరాయకొండ దాటేసరికి మొదలయ్యేది, కావలి వచ్చేసరికి రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చేది. అలైన్‌మెంటుకి పొద్దునా మధ్యాహ్నమా అనేది తెలియదు కదా. బండి చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక లాగుతోందంటే వేడెక్కేది ఏదో ఉందనే. ఇన్నాళ్లలో ‘ఎప్పుడు లాగుతోంది’ అని నన్ను ఒక్కరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ‘బండి పోతా ఉంది’ అనేవాణ్ణి, ‘అలైన్‌మెంట్’ అనేవాళ్లు. లీటరుకి 21 ఇచ్చే బండి 17కి పడిపోతే దాన్ని కూడా ఏసీ మీదకి తోసేశాను.

పట్టింది ఎవరంటే, కావలి దగ్గర హైవే పక్కన పంచరు షాపు తాత. పక్కనే హోటల్లో కారం దోశ తిని వస్తుంటే ఆయన నా బండి పక్కన నిలబడి వాసన చూస్తున్నాడు. ‘ఏంది అబ్బాయా, కాలిన కంపు కొడతా ఉంది’ అన్నాడు. కుడి చక్రం దగ్గర చెయ్యి పెట్టాడు, మామూలు వేడి. ఎడమ దానికి జానెడు దూరంలోనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పక్కనున్న చెంబులో వేళ్లు ముంచి చక్రం సందులోంచి నాలుగు చుక్కలు చల్లితే, ఇందాక హోటల్లో పెనం మీద నీళ్లు చల్లినప్పుడు వచ్చిన చప్పుడే, చుయ్‌మని. కుడి పక్క చల్లితే ఏమీ లేదు. ‘బ్రేకు పట్టేసింది పో’ అన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. (నీళ్లు చల్లడం మీరు చేయకండి, కాలిన బ్రేకు డిస్కు మీద చల్లటి నీళ్లు పడితే వంకర పోవచ్చని మా మెకానిక్ తర్వాత తిట్టాడు. చక్రాన్ని తాకకుండా దగ్గరగా చెయ్యి వెనక వైపు పెట్టి రెండు పక్కలా పోల్చి చూస్తే చాలు.)

మెల్లగా ఒంగోలు తెచ్చి మెకానిక్ అన్నకి ఇచ్చాను. జాకీ ఎత్తి కుడి చక్రం తిప్పితే గిరగిరా తిరిగింది. ఎడమది అర చుట్టు కూడా తిరగలేదు, చర్ర్‌మని ఆగిపోయింది. విప్పి చూస్తే క్యాలిపర్, అంటే ప్యాడ్లతో డిస్కుని రెండు పక్కలా నొక్కి పట్టే భాగం, అటూ ఇటూ జరగడానికి ఉండే రెండు పిన్నుల్లో కిందది తుప్పుతో బిగుసుకుపోయింది, అందుకే బ్రేకు వదిలినా ప్యాడు డిస్కుని వదలడం లేదు. దాని రబ్బరు తొడుగు చిరిగి లోపలికి నీళ్లు పోయాయి. గ్రీజు ఉండాల్సిన చోట ఎర్ర తుప్పు, దాని మీద తెల్లటి ఉప్పు పెచ్చు. లోపలి ప్యాడు ఇనుము తేలిపోయింది, బయటిది మాత్రం ఇంకా సగం మందం ఉంది. రెండూ నా అరచేతిలో పెట్టి ‘చూడండి సార్, ఒక తల్లి బిడ్డల్లా ఉన్నాయా’ అన్నాడు. పిన్నులు, తొడుగులు, గ్రీజు, ప్యాడ్లు, కూలీ అంతా కలిపి 2,650. సర్వీసింగ్‌కి ఇచ్చిన ప్రతిసారీ బిల్లులో బ్రేక్ క్లీనింగ్ అని ఒక వరస ఉంది, పాత బిల్లులన్నీ తీసి చూశా. ఎక్కడ ఇచ్చానో చెప్పను, చెప్పి ఏం లాభం.

లాగడం ఆ రోజే పోయింది. పోయాక ఇంకోటి బయటపడింది, ఊగులాట. అది ఒక పక్కకి పోవడం కాదు, నిలకడ లేకపోవడం. చీమకుర్తి గ్రానైటు లారీ పక్కన దాటుతుంటే బండి ఇటూ అటూ వెతుక్కుంటుంది, యాక్సిలరేటర్ తొక్కితే ఒక పక్కకి, వదిలితే ఇంకో పక్కకి. ఇన్నాళ్లూ రెండిటినీ కలిపి ఒకే జబ్బు అనుకున్నా. చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే లోయర్ ఆర్మ్‌కి వెనక ఉండే రబ్బరు బుష్షు దగ్గర రాడ్డు పెట్టి కదిపితే రబ్బరు నోరు తెరుచుకున్నట్టు విడిపోయింది. అలైన్‌మెంట్ మిషన్ నిలబెట్టిన బండిని కొలుస్తుంది, రోడ్డు మీద బుష్షు కదిలితే చక్రం కోణమే మారిపోతుంది, ఆ పచ్చ కాగితం ఏం చేస్తుంది? రెండు వైపులా ఆర్ములు మార్చాక చేయించిన నాలుగో అలైన్‌మెంట్ ఒక్కటే పనికొచ్చింది.

అది జరిగి 14,000 కిలోమీటర్లు అయింది. హైవే మీద ఇప్పటికీ కొద్దిగా ఎడమకి జారుతుంది, అది రోడ్డు వాలే, బావమరిది మాటకి ఆ మేరకు విలువ ఇస్తున్నా. మధ్యాహ్నం సముద్రం గాలి అడ్డంగా కొడితే ఊగుతుంది కూడా, అది తేలిక బండి లక్షణం, మార్చడానికేం లేదు. దిగిన ప్రతిసారీ నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూస్తున్నా, మా ఆవిడ ‘జ్వరం తగ్గిందా’ అని అడుగుతోంది.

కొనొచ్చా అంటే, టౌన్లో బడికీ బజారుకీ అయితే నేను అడ్డు చెప్పను, అలాంటివాళ్లకి ఈ తిప్పలేవీ రాకపోవచ్చు. నాలా ఉప్పు గట్ల మీద తిప్పేవాళ్లయితే మాత్రం వానాకాలం ముందొకసారి తర్వాతొకసారి ఆ పిన్నులు విప్పించి, దగ్గర నిలబడి గ్రీజు పెట్టించుకోండి. నేనైతే అమ్ముదామనే అనుకున్నా, బేరగాడు లక్షా ఎనభై అన్నాడు. ఆ డబ్బుకి వచ్చే ఇంకో బండి క్యాలిపర్లో ఏముందో ఎవడికి తెలుసు, దీన్లో ఏముందో నాకు తెలుసు కదా అని ప్రస్తుతానికి ఉంచేశా.