నా జీవిత యాత్ర: సైమన్ కోసం కాదు, ప్లీడరు గిరి కోసం చదవండి

ప్రకాశం పంతులుగారి ఆత్మకథ పట్టుకునేవాళ్ళు చాలామంది నేరుగా 1928 ఫిబ్రవరి 3కి, అంటే మద్రాసులో సైమన్ కమిషన్ వ్యతిరేక నిరసనలో తుపాకీకి గుండె చూపిన రోజుకి పోతారు. ఆ సంగతి ఎలాగూ బడిపిల్లలకి కూడా తెలుసు. దానికి ముందున్న పేజీలు దాటేస్తే మాత్రం నష్టం. దమ్మిడీ లేని కుర్రాడు మొఫసిల్ (మహానగరం బయటి) కోర్టులో ఎలా నిలదొక్కుకుని హైకోర్టు దాకా ఎక్కాడో అక్కడే ఉంది.

1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు. (ఆయన చిన్నతనంలో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది.) పదకొండో ఏట తండ్రి పోతే తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపారు. 3 రూపాయల పరీక్ష ఫీజుకి ఆమె పట్టుబట్ట తాకట్టుకి పోయింది. గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు వెంట రాజమండ్రి చేరాక నాటకాల్లో వేషాలు, రౌడీ జట్లతో సావాసం. ఏదీ దాచలేదు. పెద్దమనిషి అయ్యాక ఇంత మొహమాటం లేకుండా రాసుకున్నవాళ్ళు తక్కువ.

ప్లీడరు, వకీలు, బారిస్టరు ఒకటే అనుకుని చదివితే మాత్రం కథ చేతికి చిక్కదు. ప్లీడరు పరీక్ష ప్యాసై సన్నదు (వాదించే అనుమతి పత్రం) పుచ్చుకున్నవారు కింది కోర్టుల వరకే. బి.ఎల్. (లా డిగ్రీ) చదివినవారు హైకోర్టు వకీళ్ళు. లండన్ ‘ఇన్’లలో, అంటే అక్కడి బారిస్టర్ల సంస్థల్లో చేరి పట్టా తెచ్చుకున్నవారు బారిస్టర్లు. ప్రకాశం సెకండ్ గ్రేడు ప్లీడరు. రాజమండ్రిలో ప్రాక్టీసు జోరుగా ఉన్నా, మునిసిపల్ చైర్మన్ గిరి దక్కినా, తన క్లయింటు కేసు హైకోర్టుకి వెళితే కాగితాలు ఇంకొకరి చేతిలో పెట్టాల్సిందే. 1904లో ఆయన బారిస్టరు చదువుకి ఇంగ్లండు ఓడ ఎందుకెక్కారో ఈ లెక్క తెలిస్తేనే బోధపడుతుంది. 1907లో తిరిగొచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. 1921లో అదీ మానేసి, అదే ఏడు ‘స్వరాజ్య’ పత్రిక మొదలుపెట్టారు. ఇంగ్లీషు, తెలుగు, తమిళం మూడు భాషల్లో పత్రిక నడపడమంటే వకాల్తాల డబ్బు ఎటు పోయిందో వేరే చెప్పక్కర్లేదు.

రాజకీయాల్లో ఆయనలోని న్యాయవాది మళ్ళీ గట్టిగా పనిచేసింది జమీందారీ విచారణ సంఘంలో. 1937 రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా దానికి అధ్యక్షులు ఆయనే. భూమి రైతుదేనని, జమీందారుకి ఉన్నది శిస్తు వసూలు హక్కేనని ఆ నివేదిక తేల్చింది. ఆ కాలంలోకి వచ్చేముందు 1802 శాశ్వత శిస్తు ఏర్పాటు, 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం గురించి విడిగా ఓ నాలుగు పేజీలు చదువుకోండి. లేకపోతే వాదం ఎవరికి ఎక్కడ తగులుతోందో తెలియదు.

నాలుగో ఖండం ప్రకాశం రాసింది కాదు. సహచరుడు తెన్నేటి విశ్వనాథం పూర్తి చేశారు. ఆయన ప్రకాశం 1953 ఆంధ్ర మంత్రివర్గంలో ఉన్న మనిషి. సమాచారం దగ్గర్నుంచి చూసినవాడిది, పక్షపాతమూ దగ్గరివాడిదే. 1954 నవంబరులో మద్యనిషేధం మీద ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయిన వైనానికి అవతలిపక్షం మాట కూడా వెతికి చదవడం మంచిది.

ఇంకో చిక్కు పదవుల పేర్లతో. 1946 ఏప్రిల్ 30 నుంచి 1947 మార్చి 23 దాకా ఆయన మద్రాసు రాష్ట్రానికి ‘ప్రధానమంత్రి’. అప్పట్లో అలాగే అనేవారు. కర్నూలు రాజధానిగా ఆంధ్ర ముఖ్యమంత్రి అయింది 1953 అక్టోబరు 1న. ఈ తేదీలు ఓ చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టుకుంటే వెనక్కి తిప్పే పని తగ్గుతుంది.

కొనేముందు నాలుగు ఖండాలూ ఉన్నాయో లేదో విషయసూచిక చూసుకోండి. ముందు రుచి చూడాలంటే తెలుగు వికీసోర్సులో ఉచితంగా దొరుకుతుంది. అక్కడ మొదటి ఖండం చదివి, నచ్చితే అచ్చుప్రతి కొనుక్కోవచ్చు.