జేసీ రోడ్డులో కారు అద్దం మరమ్మతు

కారు ముందు అద్దానికి దెబ్బ తగిలి, కొత్తది వేయించాలా అని ఆలోచిస్తున్న బెంగళూరు తెలుగువారికి జేసీ రోడ్డు పక్క సందులోని అద్దాల దుకాణాన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. హోసూరు రోడ్డులో టిప్పరు నుంచి ఎగిరిన కంకరరాయి వల్ల మా అద్దం మీద రూపాయి బిళ్ల కంటే చిన్న దెబ్బ పడింది. ముందు అద్దం అంటే రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర కాబట్టి, దెబ్బ పై పలకకే పరిమితమైతే రెసిన్ అనే పారదర్శకమైన జిగురు నింపి సరిచేయవచ్చు.

డిసెంబరు ఉదయపు చలిలో మెకానిక్ తొందరపడకపోవడం నాకు ఎంతో నచ్చింది. చల్లబడిన గాజు మీద రెసిన్ చిక్కబడి సన్నని చీలికల్లోకి దిగదు. తేమ మిగిలితే మరమ్మతు నిలవదు. అందుకే ఆయన బండిని లోపల పెట్టించి, తడి పూర్తిగా ఆరేలా అద్దాన్ని నెమ్మదిగా వెచ్చచేసి, ఆ తర్వాతే దెబ్బలోని గాలిని పీల్చి, రెసిన్ ఎక్కించి, అతినీలలోహిత దీపం కింద గట్టిపరిచారు. చివరగా మిగులును బ్లేడుతో గీకి పాలిష్ చేశారు. వేలితో తడిమితే గరుకు తగలడం లేదు. ఎండకు ఎదురుగా చూస్తే మాత్రం చిన్న చుక్క కనిపిస్తుంది, అది పూర్తిగా పోదని ఆయన ముందే చెప్పారు.

మంచు కురిసే దేశాల్లో ఉన్నవారు ఇంకా జాగ్రత్తపడాలి: గడ్డకట్టిన అద్దం మీదికి ఒక్కసారిగా వేడిగాలి వదిలితే చిన్న దెబ్బ కూడా పొడవాటి చీలికగా సాగవచ్చు.

దుకాణంలో కూర్చోవడానికి చోటు లేదు, రసీదు అడిగితేనే ఇస్తారు.