వాడిన ఖరీదైన రెగ్యులేటరా, కొత్త సాదా రెగ్యులేటరా: ఏది మేలు?

స్కూబా సామాను సొంతంగా కొనుక్కుందామనుకుంటే బడ్జెట్‌లో పెద్ద ముక్క రెగ్యులేటర్‌కే, అంటే సిలిండర్‌లోని గాలిని పీల్చుకోగలిగే ఒత్తిడికి దించే పరికరానికే పోతుంది. అక్కడే చాలామంది ఆగిపోతారు. చేతిలో ఉన్న డబ్బుకు కొత్త బేసిక్ మోడల్ వస్తుంది, లేదంటే ఎవరో వాడి అమ్ముతున్న టాప్ మోడల్ వస్తుంది. ఏది తీసుకోవాలి?

రెండూ చేసే పని ఒకటే. సిలిండర్‌కు బిగించే ఫస్ట్ స్టేజ్, లోపల 200 బార్ ఒత్తిడి దగ్గర ఉన్న గాలిని, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికన్నా 9, 10 బార్లు ఎక్కువ ఉండేలా దించుతుంది. మిగతాది నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్ చూసుకుంటుంది. చవక మోడల్స్‌లో తరచూ కనిపించేది అన్‌బ్యాలెన్స్‌డ్ పిస్టన్ అనే రకం ఫస్ట్ స్టేజ్. సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ దాంతో ఊపిరి లాగడం కాస్త బరువవుతుంది. 30 మీటర్ల లోతులో గాలి పైనకన్నా నాలుగు రెట్లు చిక్కగా ఉంటుంది కాబట్టి అక్కడ ఆ బరువు బాగానే తెలుస్తుంది. ఖరీదైన బ్యాలెన్స్‌డ్ రకంలో ఈ ఇబ్బంది దాదాపు ఉండదు. కానీ 18 మీటర్ల లోపే తిరిగేవాళ్లకు ఆ సుఖం కోసం అంత పెట్టాలా అన్నది నా అనుమానం. పైగా సాదా పిస్టన్‌లో కదిలే భాగం ఒక్కటే, గాలి పోకుండా ఆపే రబ్బరు చుట్టలు (ఓ-రింగులు) కొన్నే. సర్వీసుకు ఇచ్చినప్పుడు ఆ తేడా బిల్లులో కనిపిస్తుంది.

వాడిన సరుకులో అసలు చిక్కు కూడా సర్వీసే. అమ్మేవాడు చెప్పే ధరకు పూర్తి సర్వీస్ ఖర్చు కలిపితేనే అది అసలు ధర. చాలా కంపెనీలు సర్వీసులో మార్చే భాగాల స్పేర్ కిట్లను తమ డీలర్లకే అమ్ముతాయి. పాత మోడళ్లకు కొన్నాళ్లకు కిట్లు రావడమే ఆగిపోతుంది. అప్పుడు చారాణా కోడికి బారాణా మసాలా. అందుకే డబ్బు చేతులు మారకముందే మీకు సర్వీస్ చేసే మెకానిక్‌కు మోడల్ పేరు చెప్పి కిట్ దొరుకుతుందా అని అడగండి.

దొరుకుతుందంటే సరుకు చూడండి. ఫస్ట్ స్టేజ్ మూత తీసి లోపలి ఫిల్టర్ మీద టార్చ్ వేయండి. వెండిలా మెరిస్తే మంచిదే. ఆకుపచ్చగా ఉంటే నీళ్లు లోపలికి వెళ్లాయి. గోధుమ రంగు పొడి ఉంటే ఏదో స్టీల్ సిలిండర్ తుప్పు అందులో చేరింది. తర్వాత మూత బిగించి, సిలిండర్ తగిలించకుండానే మౌత్‌పీస్‌లోంచి గాలి పీల్చండి. ఏమీ రాకూడదు. వస్తే లోపలి రబ్బరు పొర డయాఫ్రమో, గాలి బయటికి పోయే వాల్వో లీకవుతున్నట్టు. హోస్‌ల చివర ఉండే రబ్బరు తొడుగులు వెనక్కి లాగి చూడండి, పగుళ్లు దాక్కునేది వాటి కిందే. వీలైతే తేలే జాకెట్‌లోకి (బీసీడీ) గాలి పంపే ఇన్‌ఫ్లేటర్ హోస్‌కు ప్రెషర్ గేజ్ పెట్టి సిలిండర్ తెరవండి. ముల్లు ఒకచోట నిలబడాలి. మెల్లగా పైకి పాకుతుంటే లోపల గాలిని ఆపే సీటు అరిగిపోయింది.

“పదేళ్లుగా అల్మారాలోనే ఉంది, కొత్తదే అనుకోండి” అని కొందరు ఊరిస్తారు. నాకైతే ఆ మాట వింటేనే టెన్షన్. వాడకపోయినా రబ్బరు ముదిరిపోతుంది, సెకండ్ స్టేజ్‌లో స్ప్రింగ్ నొక్కి నొక్కి సీటు మీద గాడి పడుతుంది. క్రమం తప్పకుండా సర్వీస్ చేయించి, రసీదులు దాచినవాడి దగ్గర వాడిన రెగ్యులేటర్ నయం.

నా లెక్కలో మొదటిసారి కొనేవాళ్లకు కొత్త సాదా రెగ్యులేటరే మేలు. ఏడాది రెండేళ్లే వాడి, రసీదులతో, కిట్లు దొరికే బ్యాలెన్స్‌డ్ మోడల్ కనబడితే మాత్రం వదలొద్దు. మంచులాంటి నీళ్లలో దిగేవాళ్లకు ఈ లెక్క పనికిరాదు. గడ్డకట్టకుండా సీల్ చేసిన రకమే వాళ్లకు కావాలి.

కాళ్లకు తొడుక్కునే ఫిన్స్ వాడినవి నిశ్చింతగా కొనొచ్చు. బీసీడీని గట్టిగా ఊది రాత్రంతా వదిలేయండి, తెల్లారి కూడా బిగువుగా ఉంటే సరే. సిలిండర్ మాత్రం అద్దెకే తీసుకోమంటాను. సొంతమైతే టెస్టింగ్ ఖర్చు నెత్తిన పడుతుంది. పైగా 1980ల చివరిదాకా కొన్ని సిలిండర్లకు వాడిన 6351 అల్యూమినియం మిశ్రమానికి మెడ దగ్గర పగిలే గుణం ఉంది. అలాంటివి చవగ్గా దొరికినా, వాటిలో గాలి నింపడానికి చాలా షాపులు ఒప్పుకోవు.