ఎఫ్‌ఎం రేడియోనా, డిజిటల్ రేడియోనా?

సందేహం ఒకటే అయినా స్టేషన్ లెక్క వేరు, శ్రోత లెక్క వేరు.

ఖర్చు: ఎఫ్‌ఎంలో ప్రతి స్టేషన్‌కూ సొంత ఫ్రీక్వెన్సీ, సొంత ట్రాన్స్‌మిటర్ కావాలి. డిజిటల్ రేడియో ప్రసారానికి వాడే డాబ్ ప్లస్ (DAB+) పద్ధతిలో సుమారు 1.5 మెగాహెర్ట్జ్ వెడల్పులోనే పదికి పైగా స్టేషన్లు ఇముడుతాయి, కరెంటు ఖర్చు పంచుకోవచ్చు. పెద్ద సంస్థలకు లాభమే. ఒక్క ఊరికే వినిపించే చిన్న స్టేషన్‌కు ఆ వాటా కూడా బరువే. డిజిటల్‌కు మారుతూ ఎఫ్‌ఎంనూ నడపాల్సిన ఏళ్లలో రెండు బిల్లులు.

సెట్టు: ఎఫ్‌ఎంది చవక. డిజిటల్‌ది కొత్తగా కొనాలి.

సిగ్నల్: అసలు తేడా ఇక్కడే. ఎఫ్‌ఎం బలహీనపడితే గరగరలాడుతుంది, అయినా మాట అందుతుంది. డిజిటల్ స్వచ్ఛంగా వినిపిస్తూనే, సిగ్నల్ తగ్గితే బుడబుడమని ఠక్కున ఆగిపోతుంది. తుఫాను హెచ్చరిక కోసం చెవులు రిక్కించి కూర్చున్నవాళ్లకు ఆ నిశ్శబ్దం చాలా టెన్షన్.

నార్వే 2017లో జాతీయ స్టేషన్లను ఎఫ్‌ఎం నుంచి తప్పించింది. స్థానిక స్టేషన్లు చాలావరకు ఎఫ్‌ఎంలోనే ఉండిపోయాయి.

ఫ్రీక్వెన్సీలు చాలక స్టేషన్లు కిక్కిరిసినచోట, కార్లలో డిజిటల్ సెట్లు వచ్చేసినచోట డిజిటలే మేలు. కొండల మధ్య, పాత సెట్లే దిక్కయినచోట మాత్రం ఎఫ్‌ఎంను ఆపకూడదు.