ఈ మారువేషం కిట్టు ఎవరి కళ్లు కప్పగలదు?

నాటకాలకీ, షార్ట్ ఫిల్ములకీ ‘మారువేషం కిట్టు’ అని దొరికే పెట్టెలన్నిటిలో సరుకు దాదాపు ఒకటే. వెనక జిగురు కాగితం ఉన్న మీసం, సన్నటి వలలాంటి నెట్టు మీద అల్లిన గడ్డం, గడ్డాలు కట్టడానికి జడగా అల్లి ఇచ్చే క్రేపు వెంట్రుకలు, చిన్న సీసాలో స్పిరిట్ గమ్, దళసరి ఫ్రేము కళ్లద్దాలు, అంటించే పులిపిరి, విగ్గు, దాని కింద వేసుకునే టోపీ. హీరో ఓ మీసం తగిలించుకుని ఎదురుగా నిలబడితే విలన్ పోల్చుకోలేకపోవడం కథల్లో మనకు కొత్తేం కాదు. ఆ సన్నివేశం చూసి జనం నవ్వకుండా ఉండాలంటే పెట్టెలో ఏది పనికొస్తుందో, ఏది పక్కన పెట్టాలో ముందే తెలియాలి.

కళ్లద్దాలు, నెట్టు గడ్డం, క్రేపు: ఈ మూడింటి కోసం కిట్టు కొనొచ్చు. జిగురు కాగితం మీసం, ప్లాస్టిక్ పులిపిరి దండగ. అసలు లోటు వేరే ఉంది. కనుబొమల కోసం పెట్టెలో ఒక్క వస్తువూ లేదు.

మీసంతో మొదలుపెడదాం. జిగురు కాగితం మీసం మాట్లాడని పాత్రకైతే ఒక సీను వరకు ఆగుతుంది. డైలాగు ఉంటే పై పెదవి కదిలిన ప్రతిసారీ చివర్లు లేస్తాయి, చెమట పట్టగానే మొత్తం జారుతుంది. పైగా వెనకభాగం మందంగా ఉండటంతో పక్క నుంచి చూస్తే మీసం చర్మం మీద నుంచి మొలిచినట్టు కాకుండా అతికించిన పట్టీలా కనబడుతుంది. అంతగా వాడాల్సి వస్తే ముక్కు కింద గుంట దగ్గర నిలువునా రెండు ముక్కలు చేయండి. పెదవి కదలికకు చోటు దొరుకుతుంది. పెదవి అంచుకు ఒకటి రెండు మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. అంటించాక ‘ప, బ, మ’ అక్షరాలున్న డైలాగు చెప్పించి, ఒకసారి గట్టిగా నవ్వించి చూడండి. ఊడేదేదో అప్పుడే ఊడుతుంది.

క్రేపు మీద మాత్రం ఓపిక పెట్టాలి. జడ విప్పగానే వెంట్రుకలు ఉంగరాలు తిరిగి ఉంటాయి. ఆవిరి పట్టి, సాగదీసి కట్టి, ఆరనివ్వాలి. కొద్దిపాటి వంపు మిగిలితేనే అందం, పూర్తిగా సాపు చేస్తే చీపురు పుల్లల్లా నిలబడతాయి. ఒకే రంగు వాడొద్దు. నలుపులో కొంచెం ముదురు గోధుమరంగు కలిపి దువ్వితే దీపాల కింద అసలు వెంట్రుకల్లా కనిపిస్తుంది. గడ్డం కడుతున్నప్పుడు కింది నుంచి పైకి రావాలి. ముందు చుబుకం కింది భాగం, తర్వాత చుబుకం, ఆ తర్వాత దవడలు, చివరికి చెంపలు. ఒక్కో కుచ్చు కొనను ఏటవాలుగా కత్తిరించి, ఆ కొననే గమ్ములో ఆనించాలి. పైనుంచి మొదలుపెట్టిన గడ్డంలో ప్రతి వరసా కింది వరస మొదళ్లను బయటపెడుతుంది. అది నాలుగో వరసలో కూర్చున్నవాళ్లకు కూడా తెలిసిపోతుంది.

నెట్టు గడ్డం పని సులువు చేస్తుంది గానీ దాని అంచు దగ్గరే అందరూ పాడుచేస్తారు. వెంట్రుకలు అయిపోయిన చోటు నుంచి రెండు మూడు మిల్లీమీటర్ల నెట్టు వదిలి మిగతాది కత్తిరించాలి. గమ్ము నెట్టుకు కాదు, చర్మానికి రాయాలి. ముందు నున్నగా గీసుకుని, జిడ్డు తుడిచి, పల్చటి పూత వేసి, వేలి కొసతో తడుతూ ఉండాలి. వేలికి సన్నటి తీగలు సాగడం మొదలయ్యాక నెట్టు ఆనించి, కొద్దిగా తడిపిన గుడ్డతో అదమాలి. తడి ఆరకముందే పెడితే జారుతుంది. పూత మందమైతే అంచు దీపానికి తళతళలాడుతుంది, దాని మీద పౌడరు అద్దక తప్పదు. స్పిరిట్ గమ్ చెట్టు జిగురును ఆల్కహాల్‌లో కరిగించి చేసే సరుకు కాబట్టి మంటకు దూరంగా ఉంచాలి. ఒక రోజు ముందే మోచేతి లోపలివైపు చుక్క రాసి చూడాలి. మంట గానీ దద్దుర్లు గానీ వస్తే వాడనే వద్దు. బాగా చెమట పట్టే నటుడికి నీళ్లలో కలిసే యాక్రిలిక్ జిగురు మేలు. రాసినప్పుడు పాలలా తెల్లగా ఉండి, పారదర్శకంగా మారాక అంటుతుంది. దాన్ని తీసే ద్రవం వేరు, అదీ తెచ్చుకోవాలి.

పెట్టెలో అన్నిటికంటే తేలిగ్గా చూసేది కళ్లద్దాలనే. 1938లో మొదలైన సూపర్‌మ్యాన్ కామిక్స్‌లో హీరో క్లార్క్ కెంట్ అనే మామూలు మనిషిగా తిరిగేటప్పుడు ముఖానికున్న ముసుగు అవే కాబట్టి వాటి మీద ఎన్ని వేళాకోళాలో. అయితే బ్రిటన్‌లోని యార్క్ విశ్వవిద్యాలయంలో రాబిన్ క్రేమర్, కే రిచీ అనే పరిశోధకులు 2016లో దీన్ని పరీక్షకు పెట్టారు. రెండు ఫొటోలు చూపించి ఒకే మనిషివా కాదా అని అడిగారు. రెంటిలోనూ కళ్లద్దాలున్నా, రెంటిలోనూ లేకపోయినా దాదాపు 80 శాతం సరిగ్గా చెప్పారు. ఒకదానిలో ఉండి మరోదానిలో లేనప్పుడు అది సుమారు 6 శాతం పడిపోయింది. అంటే ఆ వేషం పూర్తిగా కట్టుకథ కాదు. ఒక్క షరతు: చూసేవాళ్లకు ఆ ముఖాలు పరిచయం లేనివి.

కొనేటప్పుడు ఫ్రేము పై గీత కనుబొమల మీదికి వచ్చేదే చూసుకోండి. పవరు లేని గాజు దీపాల్ని అద్దంలా తిప్పికొడుతుంది, అందుకే గాజు తీసేసి ఖాళీ ఫ్రేముతో నెట్టుకొస్తారు. స్టేజీ మీద ఫర్వాలేదు. కెమెరా పక్కకు వస్తే దొరికిపోతారు. నిజంగా మైనస్ పవరు ఉన్న అద్దంలోంచి చూస్తే చెంప గీత కాస్త లోపలికి జరిగినట్టు కనిపిస్తుంది, ఖాళీ ఫ్రేములో ఆ గీత తిన్నగా సాగిపోతుంది. గాజు ఉంచి, ఫ్రేము కాడల్ని చెవుల దగ్గర కొద్దిగా పైకెత్తితే అద్దం కిందికి వాలి మెరుపు తప్పుతుంది. ఖాళీ ఫ్రేము కంటే ఇదే మంచి దారి.

ఇక కనుబొమలు. జావిద్ సద్ర్, పవన్ సిన్హా బృందం 2003లో ప్రచురించిన పరిశోధనలో ప్రసిద్ధుల ఫొటోల్లో కళ్లు చెరిపినప్పటికంటే కనుబొమలు చెరిపినప్పుడే చూసినవాళ్లు ఎక్కువగా తడబడ్డారు. ముఖాన్ని పట్టిచ్చేవి అవేనన్నమాట. అలాంటి చోటును కిట్టు తయారుచేసేవాళ్లు ఖాళీగా వదిలేయడం ఏం బాగోలేదు. స్టేజీ వాళ్ల పాత ఉపాయం చాలు. తడి సబ్బు ముక్కతో కనుబొమల్ని పైకి దువ్వి అణచి, ఆరనిచ్చి, రెండు మూడు పూతలయ్యాక పౌడరు వేసి, దాని మీద ముఖం రంగు అద్దాలి. ఆ పైన పెన్సిలుతో కొత్త కనుబొమ గీస్తే సరి. అసలు దానికంటే కొంచెం పైన గీస్తే ముఖం తీరే మారిపోతుంది. చెమట కారితే సబ్బు కంట్లోకి దిగుతుంది కాబట్టి గెంతులేసే పాత్రలకు వద్దు.

ఇంతా చేసి, ఈ పెట్టె పరిచయం లేనివాళ్లనే మోసం చేయగలదు. స్క్రిప్టు రాసేవాళ్లు పట్టించుకోవాల్సింది ఇదే. విరాటపర్వంలో పాండవులు ఏడాది పాటు దాగింది అంతకుముందు తమతో మసలని కొలువులో. పైగా వేషంతో పాటు పనీ మార్చుకున్నారు. వంటశాలలో గరిటె తిప్పేవాడిలో భీముణ్ణి ఎవరు వెతుకుతారు? అదే బృహన్నల, రథం దిగి పారిపోతున్న ఉత్తరుడి వెంట పరిగెత్తేసరికి, అవతల ఉన్నది ఎరిగిన కౌరవులు. మొదట నవ్వారు, ఆ వెంటనే ఆ తల, ఆ మెడ, ఆ భుజాలు, ఆ నడక అర్జునుడివేనని పోల్చుకున్నారు. కాబట్టి కన్నతల్లి ఎదుట కొడుకు మీసం పెట్టుకుని తప్పించుకున్నాడని రాస్తే ఏ మేకప్‌మానూ ఆ సీనును కాపాడలేడు. కొత్త జమీందారు ఎదుట పాత నౌకరుగా నిలబెట్టండి, అదే మీసం చాలు. నడక మార్చడానికి ఒక చెప్పులో మడమ కింద అర సెంటీమీటరు మందం అట్ట పెడితే నటుడు ప్రతి అడుగులో గుర్తుపెట్టుకోనక్కర్లేకుండా కాస్త ఒరిగి నడుస్తాడు.

పులిపిరి పని దాచడం కాదు. చూపును లాగడం. సాక్షి పాత్ర తర్వాత ‘బుగ్గ మీద పులిపిరి ఉందండీ’ అంటుందే తప్ప ముక్కు ఎలా ఉందో చెప్పలేదు. కిట్టులోని నల్ల ప్లాస్టిక్ బొట్టు దీనికి పనికిరాదు. ముదురు గోధుమరంగు పెన్సిలుతో చుక్క పెట్టి, మధ్యలో ఇంకొంచెం ముదురు రంగు తాకించండి. ఏ బుగ్గ మీదో ఫొటో తీసి పెట్టుకోండి. కొన్ని ఫోన్ల సెల్ఫీ కెమెరా కుడి ఎడమల్ని తారుమారు చేస్తుంది కాబట్టి వెనక కెమెరాతోనే తీయాలి. లేకపోతే రెండో రోజు షూటింగులో అది అటు బుగ్గకు వెళ్లిపోతుంది.

విగ్గు గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. మెరుపు ఎక్కువ, పౌడరు చల్లి దులిపితే తగ్గుతుంది. వేడి ఇస్త్రీ తగిలితే ప్లాస్టిక్ నారలు కరిగి ముద్దవుతాయి. ముంగురులు నుదుటి మీదికి దిగేలా దువ్వితే అంచు కనబడదు.

మీసం లాగి పారేసి ‘నేనేరా!’ అనే సీను ఉంటే ఆ రోజు స్పిరిట్ గమ్ ముట్టుకోవద్దు. గట్టిగా లాగితే చర్మం రేగుతుంది, నెట్టు చిరుగుతుంది. విగ్గులకు వాడే రెండువైపులా అంటే టేపు చిన్న ముక్కలు మూడు, మధ్యలో ఒకటి, చివరలకు రెండు పెట్టి అంటించండి. ఒక్క ఊపులో శుభ్రంగా వస్తుంది. టేపు చెమటకు ఎక్కువసేపు ఆగదు కాబట్టి ఆ సీనుకు ముందు స్టేజీ పక్క వింగులో నిలబడి ఉన్నప్పుడే మార్చాలి, రెండో మీసం చేతికందేలా ఉంచాలి.