ఉమ్మడి సముదాయంలో పిల్లల పెంపకం: పదకొండేళ్ల తర్వాత నా సమీక్ష

మేము ఈ సముదాయంలో చేరి పదకొండేళ్లు నిండాయి. వచ్చేనాటికి మా అబ్బాయికి రెండేళ్లు. అమ్మాయి ఇక్కడికి వచ్చాకే పుట్టింది. ఇరవై రెండు కుటుంబాలు, ఎవరి ఇల్లు వారికి, మధ్యలో ఉమ్మడి వంటశాల, అందరికీ పని వంతులు. ఇలాంటి చోట్ల గురించి ఆరా తీసేవారికి ఈ ఏర్పాట్లన్నీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. చేరిన ఏడాదికే నేను ఒక సమీక్ష రాసి, పిల్లలున్నవారు నిస్సంకోచంగా రావచ్చని అందులో చెప్పాను. ఆ మాటను ఇవాళ అలాగే నిలబెట్టుకోలేను. పిల్లలతో ఉన్న ఒక కుటుంబం ఇక్కడినుంచి వెళ్లిపోతే, ఉండిపోయిన పిల్లలకు ఏమవుతుందో అప్పటికి నేను చూడలేదు.

ఆనాడు మెచ్చుకున్నవాటిలో చాలా భాగం ఇప్పటికీ నిజమే. అమ్మాయి పుట్టినప్పుడు ఆరు వారాలపాటు మా ఇంట్లో పొయ్యి వెలిగించే అవసరం రాలేదు. అమెరికాలోని వర్జీనియాలో 1967 నుంచి నడుస్తున్న ట్విన్ ఓక్స్ అనే ఉమ్మడి సముదాయంలో పిల్లలను చూసుకునే గంటలను కూడా పనిగానే లెక్కిస్తారు. మా దగ్గరా ఆ పద్ధతి ఉండడం వల్ల, పసిబిడ్డతో ఇంట్లో ఉన్న నన్ను పని ఎగ్గొట్టిన మనిషిగా ఎవరూ చూడలేదు. అదే 1967లో డెన్మార్క్‌లో ఒక రచయిత్రి, ప్రతి బిడ్డకూ వందమంది తల్లిదండ్రులు ఉండాలని పత్రికలో వ్యాసం రాశారు. అది చదివి కదిలిన కుటుంబాలు కొన్ని, మరికొందరితో కలిసి 1972 నాటికి 27 ఇళ్లతో సెట్టెడామెన్ అనే సముదాయాన్ని కట్టుకున్నాయి. ఆ వందమంది మాట నాకు మొదట్లో అతిగా తోచింది. మా అబ్బాయి ఏడేళ్ల వయసులో అబద్ధం చెప్పి దొరికిపోయినప్పుడు, మా ముందు నోరు విప్పనివాడు, నాలుగిళ్ల అవతల ఉండే ఒక పెద్దాయన పక్కన కూర్చుని జరిగినదంతా చెప్పడం చూశాక ఆ మాట అర్థమైంది.

అయితే ఆ వందమందిలో ఎవరైనా ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. వారితోపాటు వారి పిల్లలూ వెళ్లిపోతారు.

మా పక్కింటివారు మా అబ్బాయికి మూడేళ్లప్పుడు వచ్చారు. వారి కొడుకుదీ అదే వయసు. ఆరేళ్లపాటు వాళ్లిద్దరూ ఏ ఇంట్లో ఆకలేస్తే ఆ ఇంట్లో తిన్నారు, ఏ ఇంట్లో నిద్రొస్తే ఆ ఇంట్లో పడుకున్నారు. ఇద్దరి పళ్లు తోముకునే బ్రష్‌లూ రెండిళ్లలోనూ ఉండేవి. ఇజ్రాయెల్‌లో కిబ్బుట్జ్‌లనే ఉమ్మడి వ్యవసాయ గ్రామాల్లో పసితనం నుంచి ఒకే పిల్లల ఇంట్లో కలిసి పెరిగినవారు పెద్దయ్యాక ఒకరినొకరు పెళ్లి చేసుకోవడం చాలా అరుదని పరిశోధకులు గమనించారు. వారి మధ్య ఏర్పడేది తోబుట్టువుల బంధం లాంటిదని చెప్పారు. ఆ కిబ్బుట్జ్‌ల గురించి మేము చేరకముందే చాలా చదివాం. దశాబ్దాలపాటు అక్కడ చాలాచోట్ల పిల్లలు రాత్రిళ్లు తల్లిదండ్రులకు దూరంగా పిల్లల ఇళ్లలోనే పడుకునేవారు; 1990ల చివరికి ఆ పద్ధతి అంతరించింది. మేమంతా తల్లిదండ్రులకు పిల్లలు దూరం కాకూడదన్న ఆ ఒక్క పాఠమే నేర్చుకుని, ఎవరి పిల్లలు వారి ఇంట్లోనే అన్న నియమం పెట్టుకుని, ఇక భయం లేదనుకున్నాం. తోబుట్టువులుగా పెరిగినవారు ఒకరికొకరు దూరమైతే ఏమిటన్న ప్రశ్న మాలో ఎవరికీ తట్టలేదు.

మా అబ్బాయికి తొమ్మిదో ఏడు నడుస్తుండగా పక్కింటివారు ఉద్యోగం కారణంగా వెళ్లిపోవలసి వచ్చింది. తగవులేమీ లేవు. నియమం ప్రకారం మూడు నెలల ముందే నోటీసు ఇచ్చారు. మా ఒప్పందంలో వెళ్లిపోయేవారి గురించి నాలుగు పేజీలున్నాయి: వాటా సొమ్ము ఎన్ని వాయిదాల్లో తిరిగి ఇవ్వాలి, ఇంటి మరమ్మతులు ఎవరు భరించాలి, ఆ ఇంటికి తర్వాత ఎవరు అర్హులు, తోటలో వారు పెంచిన మడి ఎవరికి చెందాలి అని అన్నీ వివరంగా రాసి ఉన్నాయి. పిల్లల గురించి ఒక్క వాక్యం లేదు. చదువుల మధ్యలో మనసు చెదురుతుందని పెద్దవాళ్లం మాలో మేము అనుకుని, ప్రయాణానికి వారం ముందు మాత్రమే పిల్లలిద్దరికీ చెప్పాం. అంటే దాదాపు మూడు నెలలపాటు వారి పక్కనే కూర్చుని భోంచేస్తూ మేము ఆ సంగతి దాచాం. ఆ నిర్ణయానికి నేను కూడా తల ఊపాను. ఈ పదకొండేళ్లలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే.

మా వంటశాల గోడకు పని వంతుల బోర్డు ఒకటి ఉంది. ప్రతి వంతు దగ్గరా ఒక కొక్కెం, దానికి పేరు రాసిన చెక్క బిళ్ల వేలాడుతుంటాయి. ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకు భోజనాల తర్వాత బల్లలు తుడిచి, కడిగిన పళ్లేలు ఆరబెట్టి సర్దే వంతు ఇస్తాం. పని పూర్తయ్యాక ఎవరి బిళ్లను వారు రంగు వేసిన వైపుకు తిప్పి వెళ్లాలి. వరుసగా రెండు వారాలు బిళ్ల తిరగకపోతే దాన్ని తీసేసి, ఆ వంతు మరొకరికి ఇస్తారు. మా అబ్బాయిది శుక్రవారం, వాడి స్నేహితుడిది బుధవారం.

వారు వెళ్లిన ఐదు వారాలకు వంటశాల బాధ్యత చూసే ఆవిడ మా ఇంటికి వచ్చి, "మీవాడి వంతు బుధవారానికి ఎప్పుడు మార్చారండీ?" అని అడిగారు. మార్చలేదన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, మావాడు ప్రతి బుధవారమూ వచ్చి పని అంతా చేసి, ఆ రెండో అబ్బాయి బిళ్ల తిప్పి వెళ్తున్నాడని, శుక్రవారం మళ్లీ వచ్చి తన వంతు చేస్తున్నాడని చెప్పారు. వెళ్లినవారి పేర్లు పెద్దల వంతుల్లోంచి తీసేశారు గాని, పిల్లల వరుస ఎవరూ చూసుకోలేదు. ఆ రాత్రి పక్క వేస్తూ వాడిని అడిగాను. "రెండుసార్లు తిప్పకపోతే పేరు తీసేస్తారు కదమ్మా" అన్నాడు.

ఆవిడ ఆ బిళ్లను తీయలేదు. నాలుగు నెలలకు మావాడే ఒక బుధవారం వెళ్లడం మానేశాడు. ఆ తర్వాత కూడా చాలాకాలం వాడు సమవయస్కులెవరితోనూ అంత దగ్గర కాలేదు. ఇక మా అమ్మాయికి ఇప్పుడు ఎనిమిదేళ్లు; కొత్తగా ఎవరు చేరినా, పేరు అడగడానికి ముందే మీరు ఎన్నేళ్లు ఉంటారని అడుగుతుంది. పిల్లలకు ఎందరో పెద్దలు అండగా ఉంటారని నేను మొదటి సమీక్షలో రాసిన వాక్యం పక్కన ఈ ప్రశ్నను కూడా ఉంచకపోతే, చదివేవారికి నేను నిజం సగమే చెప్పినట్టు అవుతుంది.

ఒప్పందంలో పిల్లల గురించి ఒక భాగం చేర్చాలని నేను సమావేశంలో అడిగాను. తమ బిడ్డలకు ఎప్పుడు ఏం చెప్పాలో తల్లిదండ్రుల ఇష్టమని కొందరు గట్టిగా అభ్యంతరం తెలిపారు. అందులో న్యాయం లేకపోలేదు. నాలుగు సమావేశాల తర్వాత ఏకాభిప్రాయం కుదిరింది. నోటీసు ఇచ్చిన రెండు వారాల్లో పిల్లలకు చెప్పాలి. వెళ్లిన తర్వాత వచ్చే మొదటి సెలవుల్లో పిల్లలు మళ్లీ కలుసుకునే ఏర్పాటు చేయాలి. దారి ఖర్చుల్లో సగం ఉమ్మడి నిధి భరించాలి. ఆ తర్వాత పిల్లలున్న రెండు కుటుంబాలు వెళ్లాయి. ఒకరు అంతా పాటించారు. రెండోవారు మనస్పర్థలతో వెళ్లారు కనుక ఏదీ జరగలేదు. మనసు విరిగినవారిని కాగితం మీది నియమం కట్టిపడేయలేదు.

అయినా మేము ఉన్నాం, ఇంకొన్నాళ్లు ఉంటాం. మా ఇద్దరి తల్లిదండ్రులూ ఇప్పుడు లేరు. మా వారి ఉద్యోగం నెలలో సగం రోజులు ప్రయాణాల్లోనే గడుస్తుంది. ఈ సముదాయం లేకపోతే ఇద్దరు పిల్లలతో నేను ఒంటరిగా నెగ్గుకొచ్చేదాన్నని అనుకోను. చేరువలో తాతయ్యలు, అమ్మమ్మలు ఉన్నవారి లెక్క వేరుగా ఉండవచ్చు. రెండు మూడేళ్లు ఉండి చూద్దామనుకునేవారికి, బడి ఈడు పిల్లలుంటే, నేనైతే రమ్మని చెప్పలేను. పసిబిడ్డతో వచ్చి పదేళ్లైనా నిలవగలమనుకునేవారికి మాత్రం ఇప్పటికీ చెబుతాను. ఎవరు వచ్చినా చేరే ముందు ఒప్పందంలో వెళ్లిపోయేవారి భాగం తెరిచి, అక్కడ పిల్లల ప్రస్తావన ఉందో లేదో చూసుకోవాలి. మా ఒప్పందంలో ఇప్పుడు ఆరు వాక్యాలున్నాయి.